పదును

చచ్చిపోయిన ఆల్విన్ ఫ్రిజ్జొకటి
బ్రాడీపేట నాలుగో లైన్లో తూకానికి పోతుంటే
బండి ఆపి నేనే కొన్నాను, ఆరొందలకి.
ఇరవై రెండేళ్ళుగా చల్లబరచడమే నా పని.
వెచ్చబరచమని అడిగిన మొదటి మనిషి నాగూర్‌బీ.

లాలాపేటలో ఆమెది వేర్ల కొట్టు.
ఎండలో పెడితే నేలవేము రంగు పోతోందట,
నీడన పెడితే బూజు.
తుఫాను పట్టిన వారం గోతాం విప్పితే
తడిసిన కుక్క వాసన.
"ఎండా కాదు నీడా కాదు, మధ్యలో ఏదన్నా చెయ్యి దానియేలూ" అంది,
ఆ మధ్యది ఏదో మార్కెట్లో అరకిలో దొరికేట్టు.

కంప్రెసర్ పీకేశాను.
కింద నలభై వాట్ల బల్బు,
వెలుగు ఆకుని తాకకుండా దానిమీద బోర్లించిన చిల్లుల మట్టిచట్టి.
పాత కంప్యూటర్ ఫ్యాన్లు రెండు, ఒకటి లోపలికి, ఒకటి బయటికి.
కోడిగుడ్లు పొదిగే పెట్టెకి వాడే థర్మోస్టాటు,
తెనాలి బస్సులో మా బామ్మర్ది పంపింది.
అరలకి దోమతెర బిగించి
గుప్పెడు గుప్పెడుగా ఆకు.
తలుపు మీద చిన్న మీటరు: ఇంత వేడి, ఇంత తేమ.
ఆ ఎర్రంకెలు ఆ రాత్రి నాకు వాక్యంలా కనబడ్డాయి.

నాయన మంచం మీంచి చూస్తూనే ఉన్నాడు.
ముప్పై సీజన్లు పొగాకు బ్యారన్ల ముందు నిద్ర కాచిన మనిషి.
గొట్టాల వేడిని చెంపతో కొలిచేవాడు.
ఇప్పుడాయన ఛాతీలో ఒక బ్యారను,
తెల్లవార్లూ ఈల వేస్తుంది.
"ఎంత పెట్టావు?"
"యాభై."
నవ్వబోయి దగ్గాడు.

పొద్దున ఆకు గలగలమంది.
గెలిచాననుకున్నాను.
ఆయన ఒక కాడ తీసుకుని విరిచాడు.
విరగలేదు. వంగింది.
"పైపైన ఎండటం ఆకుకి వచ్చిన అబద్ధంరా.
తొందరపెడితే అదే చెబుతుంది."

ముప్పై ఎనిమిదికి దించాం.
లోపల గిన్నెతో నీళ్ళు పెట్టమన్నాడు.
ఎండబెట్టే పెట్టెలో నీళ్ళేంటి అన్నాను.
"లోపలి తడి బయటికి నడిచి రావాలి,
ఈడ్చుకొస్తే దారి మూసుకుపోద్ది."
రెండోనాడు గిన్నె తీయించాడు, ఫ్యాన్ సగం చేయించాడు.
గంటగంటకీ అదే అడిగేవాడు:
"పదునెట్టా ఉంది?"
మా చిన్నది కూరగాయల కత్తి తెచ్చిచ్చింది.
దాని తప్పేముంది,
దుక్కికీ ఆకుకీ కత్తికీ ఒకే మాట పెట్టుకున్నాం మరి.

మూడో రాత్రి తలుపు కొట్టారు.
ఎవరో ఫోన్ చేశారట:
మూసిన గది, ఆరని లైటు, ఫ్యాన్ల హోరు, ఆకు వాసన.
కానిస్టేబుల్ వీరరాఘవులు టార్చి వేసి
అర అరకీ ముక్కు ఆనించాడు.
"గంజాయేనా?"
"నమిలి చూడండి" అన్నాడు నాయన.
నమిలాడు.
ఆ మొహం నేను వర్ణించను.
నేలవేము తిన్నవాళ్ళకి అక్కర్లేదు,
తిననివాళ్ళు నమ్మరు.
మా ఇంట్లో బెల్లం ఆ రాత్రే అయిపోయింది.
గుమ్మం దాటబోతూ ఆగి, గొంతు తగ్గించి,
"వానల్లో వడియాలు ఆరతాయా ఇందులో?" అన్నాడు.

అయిదోనాటికి కాడ టప్పున విరిగింది.
నాగూర్‌బీ ఆకుని దీపం ముందు పట్టుకుని
రంగు చూసి ఏమీ అనలేదు,
సగం డబ్బులిచ్చి మిగతా సగానికి తుంగముస్తెలు ఇస్తానంది.

ఇప్పుడు పెట్టె ఖాళీ.
రాత్రిళ్ళు దగ్గు ఆగినప్పుడు నాకు మెలకువ వస్తుంది.
లేచి చూస్తే
నాయన గోడ పట్టుకుని నిలబడి,
ఫ్రిజ్ తలుపు తీసి,
అరచెయ్యి లోపల పెట్టి ఉంటాడు.
మీటరు వంక చూడడు.
"ఎంతుంది నాయనా?" అంటాను.
"ఉండు" అంటాడు.