మూడు గిలాసలు

బోరు లారీ మీద ఇరవై రెండేండ్లు చేసిన.
మర్రిగూడ, నాంపల్లి, చింతపల్లి,
ఏ ఊర్లె ఎన్ని ఫీట్లకు రాయి తగుల్తదో
ఇప్పటికీ నోటికి చెప్త.
నా ఒంట్ల రాయి ఎక్కడ తగిలిందో మాత్రం
క్రియాటినిన్ ఏడు దాటినాంక
దేవరకొండ డాక్టర్ చెప్పిండు.

చక్కెర బీమారి పాతదే, పదకొండేండ్లది.
నొప్పి లేదు గదా అని దాని గోలి మానేసిన.
మోకాళ్ళు నొచ్చినయని ఇంకో గోలి మింగిన
ఏండ్లకేండ్లు, దుకాణంల అడిగి.
నేను అడగలే ఇది దేన్ని తింటదని.
ఆయన చెప్పలే.

పొద్దుగాల మూత్రంల నురుగు లేస్తే
బోర్ల గూడ మొదలు నురుగే గదా,
అటెన్క తేట నీళ్ళొస్తయనుకున్న.
కాళ్ళు ఉబ్బినయ్. చెప్పులు పట్టలే.
నా బిడ్డ సుజన పాదం మీద వేలు పెట్టి ఒత్తింది.
గుంట పడ్డది,
ఎండాకాలం బాయి ఊరినట్టు
నిండనీకె చానాసేపు పట్టింది.

ఇప్పుడు వారానికి మూడు మాట్లు, నాలుగేసి గంటలు.
ఎడమ చేతిల నరాలు కలిపి కుట్టిన తావుల
చెవి పెడితే మోటరు నడిచే సప్పుడు.
పక్క మంచం కేతావత్ ధర్మి వంగి విన్నది,
"నీది త్రీ ఫేజే మామా" అని నవ్వింది.
ఆమెకు ఇరవై తొమ్మిది. షుగర్ లేదు.
బీపీ ఉన్నదని ఎవరూ పట్టి చూడలే, అంతే.
పోయిన శుక్రారం రాలే. ఫోన్ ఎత్తలే.
నర్సు నస్రీన్ మంచం ఖాళీగనే ఉంచింది.
సోమవారం వచ్చింది, తండా బస్సు రాలేదట,
రెండు దినాల నీళ్ళు ఊపిరిల మోసుకుంట.

నాకు దినానికి మూడు గిలాసలు.
మా బాలమణి చెంబు మీద గోళ్ళరంగుతోని గీత గీసింది.
మా అన్న నడుము వంచింది నేను తీసిన నీళ్ళే,
లోతుకు పోయినకొద్దీ విషమని తెల్వక
ఇంకో వంద ఫీట్లు దించిన.
ఇయ్యాల ఇంటి ముంగట నల్లాల కృష్ణ నీళ్ళు,
పైపు పగిలి మోరీల పారుతున్నయ్.
నేను గీత దగ్గర ఆగుత.

నిన్న మల్లారం కాడ కొత్త బోరు పడ్డది.
పాత మేస్త్రినని పిలిచిండ్రు,
"రుచి చూసి చెప్పు మట్టయ్యా, ఉప్పయా, తియ్యయా?"
దోసిట్ల పట్టి నోట్లె పోసుకున్న.
నాలుక మీద అటు తిప్పిన, ఇటు తిప్పిన.
అందరు నా మొఖమే చూస్తున్నరు.

ఊంచేసి చెప్పిన,
తియ్యయే.