ఎడమ చెయ్యి కొలత

మల్కాపురం మెయిన్ రోడ్డులో నా మిషను చప్పుడు
నేవీ సైరన్ కన్నా ముందే మొదలవుతుంది.
నా దగ్గరికొచ్చేవి ఎక్కువ తెల్లబట్టలే.
ఇటు రిఫైనరీ మసి, అటు పోర్టు నుంచి ఎర్రదుమ్ము,
తెలుపుని తెలుపుగా అప్పజెప్పడమే సగం పని.

ఆకుపచ్చ బట్ట తెచ్చేవాడు ఒక్కడే,
గరికిన పోలరాజు.
సముద్రం గుమ్మంలో పుట్టి
మంచుకొండల పల్టనుకి పోయాడు.
"పడవెక్కితే వాంతులు పిన్నీ" అన్నాడని
వాళ్లయ్య ఏడాదిపాటు మాటాడలేదు.

చిన్నప్పుడు బడి వదిలాక నా కొట్లోనే ఉండేవాడు,
బొత్తానికి అర్ధరూపాయి.
దారం నాలిక్కి తడిపి
ఒక్క దెబ్బలో సూది బెజ్జంలోకి ఎక్కించేవాడు.
నాలుగు కన్నాల బొత్తాం ఇంటూ గుర్తులా కుట్టాలని,
ముడి లోపలికి దాచాలని
నేనే నేర్పాను.

పోయిన చలికాలం టీవీ అడుగున
పరిగెత్తే అక్షరాల్లో
వాడు చెప్పిన లోయ పేరు.
కంచె దగ్గర చొరబాటు. రాత్రంతా ఎదురుకాల్పులు.
ముగ్గురు మిలిటెంట్లు హతం.
ఒక జవాను వీరమరణం, ఇంకొకరికి గాయాలు.
ఎవరిది ఏదో చెప్పలేదు.
వాడి పేరుపట్టీ కుట్టింది నేను,
పేరు మాత్రం టీవీ వాడి దగ్గరుండిపోయింది.
ఆ రాత్రి ఎవరిదో కోటుకి
కుడిచెయ్యి తెచ్చి ఎడమవైపు అతికించేశాను.
విప్పాను. మళ్లీ కుట్టాను. మళ్లీ విప్పాను.

చైత్రంలో వచ్చాడు.
పాత ముక్కాలిపీట మీదే కూచున్నాడు,
మూడు చొక్కాలు ఒళ్లో పెట్టుకుని.
"ఎడమ చెయ్యి చూడు పిన్నీ."

మోచేతి దగ్గర ఆగిపోయింది.
ముప్పై ఏళ్లుగా భుజం నుంచి మణికట్టుకి
దానంతటదే జారే టేపు
ఎక్కడ ఆగాలో తెలీక నా వేళ్లకే చుట్టుకుంది.
కొలతల పుస్తకంలో రాశాను:
కుడి ఇరవైనాలుగు.
ఎడమ పదమూడున్నర.
"కత్తిరించనా?"
"వద్దు. మడిచి కుట్టు. బట్ట లోపలుండనీ."
ఎందుకని అడగలేదు.

అప్పుడు వాడే చెప్పాడు, నన్ను చూడకుండా,
రోడ్డు మీద పోయే ట్యాంకరు లారీల్ని చూస్తూ.

"తెల్లారేదాకా ఆడూ నేనూ పక్కపక్కనే పడున్నాం పిన్నీ,
ఆరడుగులు ఉంటాదేమో మజ్జిన.
ఆడు అప్పటికే పోయాడు.
మబ్బు కమ్మీసింది, హెలికాప్టర్ దిగనేదు.
నా చెయ్యి నాను చూసుకోనేక ఆడ్ని చూశాను.
కోటుకి అయిదు బొత్తాలు. నాలుగు నల్లవి.
పైనుంచి మూడోది నీలం, చంటిపిల్లల స్వెట్టరుకుంటాది సూడు, అది.
ఎవరో ఇంటూ కుట్టారు."

మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాను.
"మంచి చెయ్యేనా?"
నోరు జారిపోయింది. నాలుక కరుచుకున్నాను.

"ఊఁ. ముడి కనపడనేదు."

కాసేపాగి,
"మా నాయక్ సాబ్‌ని ఆడే చంపీసాడు.
ఆడి మీద నాకు జాలేటీ లేదు.
బొత్తామే. కళ్లలోంచి పోట్లేదు."

యారాడ కొండ మీద దీపం ఒకసారి తిరిగి వెళ్లింది.
రిఫైనరీ గొట్టం చివర మంట
ఎప్పట్లాగే ఎవరినీ పట్టించుకోకుండా మండుతోంది.

వాడు నా సూదుల దిండు దగ్గరికి లాక్కున్నాడు.
ఒక సూదిని బల్లచెక్కలో నిలబెట్టి గుచ్చాడు.
దారం నాలిక్కి తడిపాడు.
మొదటిసారి తప్పింది. రెండోసారి దారం చీలింది.
నేను కత్తెరకి పదును చూస్తున్నట్టు నటించాను.
నాలుగోసారికి ఎక్కింది.

"ఇప్పుడెంతిస్తన్నావు బొత్తానికి?"
"రెండు రూపాయలు."
నవ్వాడు.
"పెంచావు."
తెల్లచొక్కా ఒకటి వాడి మోకాలి మీదికి తోశాను.
డ్రాయరు తీసి చూస్తే
చిల్లర లేదు.