జ్వరం ఎంత?

మనం కర్తరి అంటాం, ఇక్కడ కత్తిరి.
అంబత్తూరు ఎస్టేట్‌లో దాని మూడో రాత్రి.
రెండూ పదికి
పెద్ద ఏసీ ఒకసారి దగ్గి, ఊరుకుంది.
గదిలో నూట పన్నెండు సర్వర్లు,
నాలుగు కంపెనీల సరుకు,
నేనొక్కదాన్ని,
సగం తాగిన టీ.

జబ్బార్ భాయ్‌కి ఫోన్ చేశాను.
పాడిలో ఉన్నా, ఇరవై నిమిషాలు అన్నాడు.
ఈలోగా ఏ పెట్టె ఎంత కాలుతోందో తెలిస్తే
దేన్ని ముందు పండుకోబెట్టాలో తెలుస్తుంది.
నాకు కావలసింది అంతే.
ఒక్క ప్రశ్న:
జ్వరం ఎంత?

మొదటి వరసకి సొంత కన్సోల్.
నీలం తెర, నున్నటి అక్షరాలు:
మీ లైసెన్స్ గడువు మార్చితో ముగిసింది.
ఒళ్లు కాలిపోతున్నా
ముందు రసీదు చూపించమన్నట్టు.

రెండో వరసకి పాత బ్రౌజర్ కావాలి,
ఆ బ్రౌజర్‌కి ఇంకా పాత జావా,
ఆ జావా ఉన్న ల్యాప్‌టాప్
ఇళవళగన్ ఇంట్లో, తాంబరం అవతల.

మూడో వరస పలికింది.
నలభై ఒకటి అంది.
నలభై ఒకటి ఏమిటి? డిగ్రీలా, శాతమా?
అది వాళ్ల సొంత లెక్క,
మాన్యువల్లో ఉందట,
మాన్యువల్ కొనుక్కోవాలట.

మా నెల్లూరు పుట్టి వేరు, గోదారి పుట్టి వేరు.
పుట్టి అన్నాడు కదా అని
వడ్ల బేరం కుదుర్చుకుని
కాటా దగ్గర జుట్లు పట్టుకున్నవాళ్ల సంగతులు
మా నాన్న నవ్వుతూ చెప్పేవాడు.
ఆ రాత్రి నాకు నవ్వు రాలేదు.

ఇక మిగిలింది మూలవరస.
దుమ్ము రంగు పెట్టెలు, ఇరవై మూడు.
చేసిన కంపెనీ మూతబడి ఏడేళ్లు.
కొనిపించింది పెంచలయ్య గారు.
పెట్టెకు పదకొండు వేలు ఎక్కువ, పైగా పేరులేని కంపెనీ,
మీటింగ్‌లో అందరూ నవ్వారట.
అమ్మడానికొచ్చిన కుర్రాణ్ణి ఆయన ఒక్కటే అడిగాడట:
"రేపు నువ్వు లేకపోయినా ఇది నాతో మాట్లాడుతుందా?"

కుర్రాడు నీళ్లు నమిలి
మూడొందల పేజీల కట్ట ఒకటి బల్ల మీద పెట్టాడు.
ఏ కంపెనీ ముద్రా లేని కట్ట.
ఏ ప్రశ్న ఏ మాటల్లో అడగాలో,
జవాబు ఏ కొలతలో చెప్పాలో
పోటీదారులే ఒకచోట కూర్చుని రాసుకున్నది.
చేరిన మొదటి నెలలో, శిక్షలాగా,
నాచేతా చదివించారు.
'చెప్పి తీరాలి' అని రాయాలా,
'చెప్పడం మంచిది' అని రాయాలా,
దాని మీద మూడు వారాలు వాదన జరిగిందని
పేజీ అడుగున సన్నక్షరాల్లో చూసి
ఆవలించాను.

ఇప్పుడు ఆ కట్టలోని మాటలే
ఉన్నవి ఉన్నట్టు కొట్టాను.
వేళ్లు చెమటకు జారుతున్నాయి.
ఎంటర్.

ఇరవై మూడు జవాబులు.
పేరు, ర్యాకు, సెంటీగ్రేడు.
ముప్పై ఎనిమిది. నలభై. యాభై రెండు.
పద్దెనిమిదోది అరవై ఏడు.
దాన్ని ముందు పండుకోబెట్టాను.

తక్కిన మూడు వరసల్నీ
చెయ్యి వెనకవైపు ఆనించి చూశాను.
ఊహించి కొన్ని ఆపాను.
రెండు తప్పు ఊహించాను.
అందులో ఒకటి అడయార్‌లో ఎవరిదో ల్యాబు,
రక్తపరీక్షల రిపోర్టులు.
తెల్లారేదాకా వాళ్ల ఫోన్లు.

జబ్బార్ భాయ్ నలభై నిమిషాలకు వచ్చాడు.
ఏసీ ఏ కంపెనీదో కూడా చూడకుండా
సంచీలోంచి స్పానర్ తీసి తిప్పాడు.
"పదమూడో నంబరు," అన్నాడు,
"ఎక్కడికెళ్లినా ఇదే."
నేనెందుకు నవ్వానో ఆయనకు తెలియలేదు.

పొద్దున కట్ట దుమ్ము దులిపి ఆ పేజీ వెతికాను.
గెలిచింది 'చెప్పి తీరాలి'.
పట్టుబట్టింది ఎవరో, పేరు లేదు.

కొత్త టెండర్ నేనే రాశాను.
లైసెన్స్ ఉన్నా లేకపోయినా
అడిగినవాళ్లకు జ్వరం చెప్పి తీరాలి.
పర్చేజ్ వాళ్లు
'చెప్పడం మంచిది' అని మార్చమంటున్నారు.
మూడు వారాలవుతోంది.
ఇంకా వాదించుకుంటున్నాం.