హాజరు

ఎనిమిదింటికి పసుప్పచ్చ బస్సు
మా సందు మొగలో హారను కొట్టి
ఎవరి పిల్లల్నో ఎక్కించుకుని పోతుంది.
పోయినేడు దాకా ఆ మెట్టు దగ్గరే
ధాత్రి తిన్న ఉప్మా తిన్నట్టు కక్కేది.
ఇప్పుడు హారను వినబడితే
తలెత్తకుండా అట్టు తుంపుకుంటుంది.
అదే మా మొదటి గంట.
పొందూరు స్టేషన్లో పాసింజరు కూస్తే
అన్నం గంట.
అది లేటైతే మేమూ లేటే.

బెంచీల్లేవు. నల్లబల్ల ఉంది గానీ
సగం పాలవాడి లెక్క, చెరపకూడదు.
వాళ్ళ నాన్న ఆర్టీసీ కండక్టరు.
టికెట్ మిషన్లో మిగిలిన కాగితం చుట్టలు
చొక్కా జేబులో వేసుకొస్తాడు.
వాటిని మైదాతో అతికించి అతికించి
ఒకటి నుంచి వెయ్యి దాకా
నేల మీద అంకెల దారి పరిచింది పిల్ల.
వీధి గుమ్మంలో ఒకటి,
మంచం కోడు దగ్గర నూటా నలభై,
వంటింటి గడప దగ్గర
మూడొందల పన్నెండు, దాని మీద అల్లప్పచ్చడి మరక.
ఆరొందలు దాటాక దారి పెరట్లోకి పోతుంది గనక
వానొస్తే మాకు ఆరొందల వరకే లెక్కలొచ్చు.

అసిరిబాబుకి ఐదేళ్ళు.
వాడికి 'ఙ' అక్కర్లేదట.
"దీంతో మనింట్లో ఏదీ లేదు కదమ్మా" అంటాడు.
ఇల్లంతా ఓసారి కలయజూసి
రేపు చూద్దాంలే అన్నాను.
ఆ రేపు వచ్చి నెలైంది.

మా అత్త దాలమ్మ రాట్నం పక్కన కూర్చుని
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుంటే
వీడు ఆ పళ్ళు లెక్కపెట్టబోయి
ప్రతిసారీ మధ్యలో తప్పిపోతాడు.
"మరి చేప ఏదీ నానమ్మా?"
"పులుసులోకి ఎలిపోనాదిరా."
"పళ్ళు లేకుండానా?"
"తినీది మనం గదేటి, దానికెందుకురా పళ్ళు?"
ఆ పూట పాఠం అక్కడితో అయిపోయింది.
నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

రోజూ ఇలా ఉండదు.
నిన్న తీసివేతల దగ్గర
అప్పు తెచ్చిన ఒకటి ఎక్కడిదని పిల్ల అడిగితే
పక్కింటిదని చెప్పాను.
"మరి తిరిగి ఎప్పుడిస్తాం?" అంది.
పొయ్యి మీద పప్పు మాడుతోంది.
నోర్మూసుకుని చెప్పింది చెయ్యమని అరిచాను,
అచ్చం ఆ బళ్ళో టీచరు గొంతుతో.
పిల్ల నా వైపు చూసింది.
కక్కలేదు.
పెన్సిలు మాత్రం కింద పెట్టేసింది.

ఎదురింటి పోలమ్మ కిటికీలోంచి అడుగుతుంది:
"పిల్లల్ని బడికంపవేటమ్మా? ఒంట్లో బాగోదేటి?"
బాగానే ఉందంటాను.
"మరేటి?"
ఆ 'మరేటి' ఏ పుస్తకం వెనకా జవాబుల్లో లేదు.
పదో తరగతి లెక్కల్లో నాకొచ్చింది ముప్పయ్యారు.
వాళ్ళు పడుకున్నాక
రేపటి భిన్నాలు ముందు నేను నేర్చుకుంటాను.
క్యారేజీ గిన్నెలు కడుగుతూ ఆయన
"ఎక్కిందా?" అంటాడు,
ఎక్కిందా, రైట్ రైట్ అన్నట్టే.

ఇవాళ సాయంత్రం కరెంటు పోయింది.
చీకట్లోంచి ఆట వినబడింది.
బడాట.
బడి మానేసిన నా పిల్లలు
బడాట ఆడుకుంటున్నారు.
ధాత్రి చేతిలో అట్లకాడ.
"రోకలి?"
"ప్రజెంట్ టీచర్."
"నానమ్మ రాట్నం?"
"ప్రజెంట్ టీచర్."
"గోడ మీద బల్లి?"
కాసేపు వెతికి, "ట్యూబులైటు వెనకుంది టీచర్."
"అమ్మ?"
ఎవరూ పలకలేదు.
"అమ్మ రాలేదా?"
"వంటింట్లో ఉంది టీచర్. నిన్న అరిచింది కదా,
సిగ్గేసి రాలేదేమో."
అట్లకాడ గాల్లో ఆగింది.
"సరే, ఆబ్సెంట్ వెయ్యను.
ఇంకోసారి పిలుస్తాను."

తడి చేతులు నైటీకి తుడుచుకుని
మూడొందల పన్నెండు దగ్గర
నిలబడి ఉన్నాను.