తేదీ చీటీ

ఆదివారం ఆబిడ్స్. షట్టర్లు దించిన దుకాణాల ముందు
టార్పాలిన్ మీద పుస్తకాలు వెల్లకిలా పడుకున్నాయి.
ఖైసర్ భాయ్ వీపు చూసి ధర చెబుతాడు, కడుపులో ఏముందో అడగడు.
హత్యలైతే నూటయాభై,
వంటలైతే వంద.
"ఇది డ్రామా సార్. ముప్పై ఇచ్చి తీస్కపోండ్రి,
నాకూ బరువు తగ్గుతది."

అట్ట మీద ఎర్రటి సూర్యుడు, గొడుగులాంటి ఒంటరి చెట్టు.
లోపల పదమూడు రంగాల్లో ఎక్కడా చెట్టు లేదు.
ట్యూబ్‌లైటు కింద ఒక సర్కారు ఆఫీసు,
ఆగి ఆగి తిరిగే ఫ్యాను,
సంతకం కోసం ఎదురుచూసి ముసలిదైపోయిన ఫైలు.
ఎవరు నాటారో ఆ చెట్టుని!
రాసినవాడు మాత్రం కాదు.
కొనేవాళ్ళ కళ్ళు ఏ నీడన ఆగుతాయో
అమ్మేవాళ్ళకి తెలుసు.

వెనక అట్టకి అంటించిన తేదీ చీటీ
ఏదో చలిదేశపు ఊరి గ్రంథాలయానిది.
ముప్పై ఏళ్ళు. గళ్ళన్నీ ఖాళీ.
ఒక్క ముద్ర పడింది, అడ్డంగా:
తొలగించబడినది.

నేను ప్రాంప్టర్ని.
కరెంటాఫీసు నాటక సమాజంలో ఇరవై రెండేళ్ళు
తెర పక్క స్టూలు మీద కూర్చుని
మరిచిపోయిన మాటలు అందించాను.
అందించినా అందుకోని నటులని ఎరుగుదును.
ముప్పై ఏళ్ళు అందిస్తూనే ఉన్న పుస్తకాన్ని
చూడటం ఇదే మొదలు.

తివోంగే మా సందు చివర ఉంటాడు, టోలీచౌకీలో.
ఫార్మసీ చదవడానికి మలావీ నుంచి వచ్చాడు.
అద్దెకి పదకొండు గుమ్మాలు ఎక్కి దిగితే
పన్నెండో ఇంటాయన
రెండు నెలల అడ్వాన్సు ఎక్కువ తీసుకుని తలుపు తీశాడు.
పుస్తకం ఇస్తే కేఫ్ బల్ల మీదే తెరిచి
మూడో పేజీ దగ్గర నవ్వడం మొదలుపెట్టాడు.

కథ ఇంతే. మంత్రి కుళాయి ప్రారంభించడానికి వస్తాడు.
నీళ్ళు రావు.
వెంటనే ఉత్తర్వు:
"ప్రజలందరూ నీళ్ళ చప్పుడు వచ్చేలా చప్పట్లు కొట్టవలెను."
కొడతారు. సన్నగా, ధారగా, బకెట్ నిండుతున్నట్టుగా.
మంత్రి దోసిలి పట్టి తాగుతాడు.
వరసలో చివరి ముసలామె
తడవని పైబట్టని పిండుకుంటుంది.

నాకూ నవ్వాగలేదు.
మా బస్తీలో శిలాఫలకం ఉంది, పైపు లేదు.
ట్యాంకర్ హారన్‌కి బిందెలు పరుగెత్తే సందులో పెరిగినవాడికి
ఈ నవ్వుకి అర్థతాత్పర్యాలెందుకు?

"అక్కడ ఒక్కరూ ఎందుకు చదవలేదంటావ్?" అన్నాను.
ఉస్మానియా బిస్కట్ చాయ్‌లో విరిగిపడితే
చెంచాతో వెతుక్కుంటూ అన్నాడు:
"మేం ఏడిస్తే చందాలిస్తారు.
నవ్వితే మాత్రం
ఎవర్ని చూసి నవ్వుతున్నామో అని వెనక్కి తిరిగి చూసుకుంటారు.
కుళాయి కాంట్రాక్టు ఏ దేశానిదో
ఎనిమిదో రంగంలో ఉంది."

ఊరుకుంటానా?
పడమటివాళ్ళని నాలుగు మాటలన్నాను, ఐదోది కూడా అన్నాను.
అతను మర్యాదగా పూర్తిగా విన్నాడు.
"మనం కలిసిన మొదటిరోజు
మీరు నన్నేం అడిగారో గుర్తుందా అంకుల్?"

ఉంది.
మీ ఊళ్ళో సింహాలు తిరుగుతాయా, అని.

అట్ట మీది చెట్టు నా నెత్తిన మొలిచినట్టయింది.
చాయ్ మీద మీగడ కట్టింది.

కాసేపటికి అతనే మంత్రి అయ్యాడు, నన్ను ప్రజల్ని చేశాడు.
అలవాటుకొద్దీ నేను గుసగుసగా మాట అందుకోబోతే
"గట్టిగా" అన్నాడు.
ఇద్దరం చప్పట్లు కొట్టాం,
ముందు చినుకుల్లా, తర్వాత ధారగా.
కేఫ్ కుర్రాడు తననే పిలుస్తున్నామనుకుని
విసుక్కుంటూ వచ్చి
రెండు చాయ్‌లు టక్కున పెట్టి పోయాడు.