నీలం పెన్సిలు

షెఫీల్డ్‌లో మా పేట లైబ్రరీ, వాన రాత్రి.
బల్ల మీద పటం పరిచాడు కౌన్సిల్ కుర్రాడు.
మా వీధి అందులో వేలెడంత.
దాని మీదుగా ఎర్ర చుక్కల గీత:
నాలుగు వరసల రోడ్డట.

హోదాన్ సంచిలోంచి నోటుబుక్కు తీసింది.
పదకొండు రాత్రులు కిటికీ దగ్గర కూర్చుని
లెక్కపెట్టిన లారీలు,
పక్కనే, కొడుకు దగ్గిన వేళలు.
అతను చదివాడు. పేజీ తిప్పలేదు.

నేను బస్సు సంగతి అడిగాను,
ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగాక
గుట్టెక్కి నడిచే మైలున్నర సంగతి.
"రాసుకుంటా" అన్నాడు.
చేతిలో పెన్ను లేదు.

అప్పుడు లేచింది మావిస్, ఎనభై ఆరేళ్ల మనిషి.
"ఇక్కడ వాగుండాలి, ఏదీ?"
"గొట్టంలో ఉందండీ, రోడ్డు కింద."
"గొట్టంలో ఉంటే వాగు కాకుండా పోతుందా?"
నీలం పెన్సిలు లాక్కుని
వణికే చేత్తో గీసింది
ఎర్ర గీతకు అడ్డంగా,
చిన్నప్పుడు కాళ్లు తడుపుకున్న మలుపులన్నీ.

మార్చిలో కొత్త పటం వచ్చింది.
రోడ్డు రెండు వరసలకు తగ్గింది.
వాగు తేలింది, ఆ వణుకుతో సహా.
నా బస్సు ఇంకా పరిశీలనలోనే ఉంది.
తెల్లవారుజామున గుట్టెక్కుతూ
మ్యాన్‌హోల్ మూత దగ్గర ఆగుతాను.
కింద, మావిస్ గీసిన చోటే,
నీళ్లు మలుపు తిరుగుతున్న చప్పుడు.