బందెలదొడ్డి

మా తాత ముత్తిలింగం సుంకరి.
తప్పిపోయినవాటిని తోలుకొచ్చుడు ఆయన పని.
ఎద్దు చేన్ల పడితే బందెలదొడ్డికి,
మనిషి ఏరు దాటితే గడీకి.
రెంటికీ ఒక్క తీరు కాగితం,
కింద అదే ముద్ర.

ఎల్లమంద పెండ్లికి తీసిన బాకీ
పన్నెండు హాలి రూపాయలు, రెండు కుంచాల జొన్నలు.
పదకొండేండ్లు దొర అరక దున్నినంక
అది ఇరవై ఎనిమిదైంది.
ఎట్లయిందని అడిగిన రాత్రే
వాడపల్లి కాడ పుట్టి ఎక్కిండు.
కృష్ణ అవతల కల్దార్ రూపాయల రాజ్యం,
మన దొర మాట అక్కడ చెల్లదని
ఎవరో చెప్పిండ్రట.

మాట చెల్లలేదు. కాగితం చెల్లింది.
అవతలి జమేదారు అటూ ఇటూ తిప్పి చూసి
"కరారు తప్పిన మనిషి, తీస్కపో" అన్నడు.
తాత తాడు తీసిండు గాని కట్టలేదు.
దాచేపల్లి దారిల ఇద్దరూ
ఒక్క చెలిమెల నీళ్లు తాగిండ్రు,
ఒక్క చుట్ట చెరి సగం కాల్చిండ్రు.
పుట్టిల కూసున్నంక ఎల్లమంద అడిగిండట:
"మామా, నువ్వు నన్ను తోలుతున్నవ్.
నిన్నెవడు తోలుతున్నడు?"

గడీల పట్వారి లెక్క రాసిండు.
పుట్టి కిరాయి ఆరణాలు,
సుంకరి బత్తెం పన్నెండణాలు,
జమేదారుకు ముట్టింది కల్దార్ రూపాయి,
కట్టని తాడుకు ఒక అణా.
అన్నీ పారిపోయినోడి పద్దులనే.
బాకీ ముప్ఫై దాటింది.

రెండోసారి పోయినప్పుడు
కృష్ణ రెండు ఒడ్లూ ఒరుసుకొని పారుతుంది.
మూడొద్దులకు తాత ఒక్కడే వచ్చి
తడిసిన గొంగడి గడీ అరుగు మీద పెట్టి
"ఏట్ల పోయిండు దొరా" అన్నడు.
పుట్టి బుద్ధెరిగినంక ఆయన ఆడిన అబద్ధం
అదొక్కటేనని మా నాయనమ్మ చెప్పేది,
చెప్పినప్పుడల్ల కొంగు సర్దుకునేది.

ఆమె చెప్పనిది సైదులు చెప్పిండు,
ఎల్లమంద కొడుకు, పండుముసలి,
దామరచర్ల బస్టాండుల, సిమెంటు బెంచీ మీద:
"మీ తాత మా అయ్యను సంపి బతికిచ్చిండు.
సచ్చినోడి బాకీ కొడుక్కొస్తది గద.
తెల్లారి నన్ను గడీకి తోలుకపోయింది గూడ ఆయినే.
ఎనిమిదేండ్లు నాకు.
దారిపొడుగుత భుజం మీద ఎక్కిచ్చుకున్నడు.
ఎందుకేడుస్తుండో తెల్వక
నేనే ఆయన కండ్లు తుడిసిన."

మిర్యాలగూడ బస్సొచ్చింది.
టికెట్టు నేను తీస్తనంటే
నా చెయ్యి పట్టుకొని ఆపిండు.
"ఎక్కడా రాసుకోవు గద, బిడ్డా?"